బరువు తగ్గాలంటే పాలు మానవలసిందేనా?

ప్రశ్న (కర్నూలు):
నా వయసు 38 సంవత్సరాలు. నెల రోజులుగా రాత్రి అన్నం మానేసి జొన్న రొట్టె తింటున్నాను, ఉదయం కొండారెడ్డి బురుజు వరకు నడిచి వస్తున్నాను. అయినా కాటా కదలడం లేదు. వాడికగా వచ్చే బర్రెపాలు పొద్దున ఒక గ్లాసు, పడుకునే ముందు ఒక గ్లాసు తాగడం చిన్ననాటి అలవాటు. పాలు మానితే తప్ప తగ్గవని మా ఆడపడుచు, మానితే ఎముకలు గుల్లబారతాయని మా అమ్మ అంటున్నారు. తెలిసినవారు చెప్పగలరు.

జవాబు (అనంతపురం):
అక్కా, మీ అమ్మగారి మాటలో నిజముంది. ఆడవారికి రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి, 200 మిల్లీలీటర్ల గ్లాసు పాలతో అందులో సుమారు పావు వంతు అందుతుంది. అయితే బర్రెపాలలో వెన్న ఆరేడు శాతం ఉంటుంది కనుక గ్లాసుకు దాదాపు 200 కేలరీలు వస్తాయి. అంటే అన్నం మాని మిగుల్చుకున్నదంతా పాలగ్లాసులో తిరిగి వచ్చేస్తోంది. వెన్న 1.5 శాతమే ఉండే డబుల్ టోన్డ్ పాలలో కేలరీలు సుమారు సగానికి తగ్గుతాయి, కాల్షియం మాత్రం పెద్దగా తగ్గదు. చక్కెర ఎన్ని చెంచాలు వేస్తున్నారో మీరు రాయలేదు. చెంచాకు 20 కేలరీలు వేసుకోండి.

జవాబు (కడప):
పిల్లలకు గట్టి పెరుగు కావాలి కాబట్టి మా ఇంట్లో ఎనుము పాలు మార్చడం కుదరలేదు. రాత్రి కాచి చల్లార్చిన పాలను ఫ్రిజ్‌లో పెట్టి, తెల్లవారి మీగడను గరిటెతో అంచు వెంట కదిలించి రొట్టెలా ఎత్తేస్తాను, నా గ్లాసు ఆ తరువాతే. (మొదట్లో ఆ మీగడ నెయ్యి కాచి సంగటిలో నేనే వేసుకుని, బరువెందుకు తగ్గడం లేదా అని ఆశ్చర్యపోయాను.) రాత్రి గ్లాసు మాని మధ్యాహ్నం పలుచని మజ్జిగ తాగుతున్నాను. సంగటి తినేవారికి రాగుల నుంచీ కాల్షియం బాగానే వస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
చక్కెర గ్లాసుకు రెండు చెంచాలండీ, రోజుకు మూడు టీలు వేరే. రక్తం తక్కువగా ఉందని డాక్టరు ఇనుము మాత్ర కూడా రాశారు, దానిని రాత్రి పాలతోనే మింగుతున్నాను.

జవాబు (అనంతపురం):
పాలతో వద్దక్కా. పాలలోని కాల్షియం ఇనుమును ఒంటికి పట్టనివ్వదు, టీ కూడా అంతే. మాత్రను నిమ్మకాయ నీళ్లతో వేసుకుని, పాలకూ టీకీ రెండు గంటల ఎడం ఉంచండి. చక్కెర ముందు ఒక చెంచాకు దించండి.