దసరాకి ముందే రంగులా, సంక్రాంతి దాకా ఆగాలా?

లంకవాసి:
అమలాపురం దగ్గర పాత ఇల్లు. సున్నంతో కట్టిన ఇటుక గోడలు, పైన శ్లాబు మాత్రం తరవాత వేసింది. లోపలి గోడలకి నేల నుంచి మూడడుగుల దాకా చెమ్మ, దాని మీద తెల్లగా ఉప్పు పూస్తోంది. మేస్త్రీ దసరాలోపు లప్పం పెట్టి రంగు వేసేద్దామంటున్నాడు. ఇంట్లోవాళ్ళు సంక్రాంతికి చూద్దామంటున్నారు. ఏది మేలు?

కరీంనగర్_కుంచె:
దసరాకే చేయించండి. వానలు తగ్గిన కొత్తల్లోనే శ్లాబు ఎక్కడ కారుతుందో మరకలు పచ్చిగా కనిపిస్తయి. జనవరికి అంతా ఎండిపోతది, గోడ బాగుందనుకొని రంగు వేస్తరు, మళ్ళా జూలైలో అదే మూల పొంగుతది. ఇంకోటి, చలికాలం రంగుకి అంత మంచిదేం కాదు. బయటి గోడకి సాయంత్రం ఎమల్షన్ వేస్తే రాత్రి మంచు పడి తెల్లారేసరికి చారలు దిగుతయి. మా దిక్కు, ఆదిలాబాద్ దిక్కు రాత్రిపూట 10 డిగ్రీల కిందికి పోయే రోజులుంటయి. ఆ చలిలో ఎమల్షన్ సరిగ్గా పొరకట్టదు, చెయ్యి పెడితే పొడి రాలుతది.

పిట్టగోడ:
అన్నా, ఆ లెక్క కరీంనగర్‌కి సరే. కోనసీమకి అక్టోబరులో వాన పోదు, దిక్కు మారుతుంది అంతే. ఈశాన్య రుతుపవనాలు డిసెంబరు దాకా ఉంటాయి, తుపాన్లు వచ్చేదీ అప్పుడే. హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటింది 2014 అక్టోబరు 12న, మిచౌంగ్ బాపట్ల దగ్గర దాటింది 2023 డిసెంబరు 5న. పైగా దసరా ఒకచోట నిలవదు. 2020లో అక్టోబరు 25న వచ్చింది, 2025లో అక్టోబరు 2నే వచ్చేసింది. గోడ ఆరడానికి దొరికే గడువు మూడు వారాలు అటూ ఇటూ అయినప్పుడు పండగని బట్టి తేదీ పెట్టుకోవడమేంటి?

లంకవాసి గారూ, ముందు గోడని అడగండి. అడుగున్నర చదరం మందపాటి ప్లాస్టిక్ షీటు తీసుకుని నాలుగు అంచులూ టేపుతో గాలి దూరకుండా అంటించి ఒక రోజంతా ఉంచండి. షీటుకి గోడవైపు నీటి బొట్లు పడితే చెమ్మ గోడలోదే. గదివైపు పడితే అది గాలిలో తేమ, గోడ తప్పు కాదు. నేలకి అడుగు ఎత్తులో ఒకటి, అయిదడుగుల ఎత్తులో ఒకటి పెట్టి పోల్చండి. పిన్నులు గుచ్చి చూసే తేమ మీటరుని మాత్రం ఈ గోడ మీద నమ్మొద్దు. ఉప్పు కూడా కరెంటుకి దారిస్తుంది, లేని తేమని ఉన్నట్టు చూపిస్తుంది.

సున్నపుతొట్టి:
మీరిద్దరూ తేదీ దగ్గర కొట్టుకుంటున్నారు. ఈ గోడకి లప్పమే తప్పు.

సున్నపు గోడ నేలలో తడిని పీల్చుకుంటుంది, పై ముఖం నుంచి ఆవిరిగా వదిలేస్తుంది. ఆ ముఖాన్ని తెల్లసిమెంటు లప్పంతో, దాని మీద ఎమల్షన్‌తో మూసేస్తే తడి ఎక్కడికి పోతుంది? ఇంకా పైకి ఎక్కుతుంది. మోసుకొచ్చిన ఉప్పు రంగు వెనకాల గట్టిపడి పొరని నెట్టేస్తుంది, పెచ్చులు ఊడతాయి. దసరాకి వేసినా సంక్రాంతికి వేసినా అంతే.

వెల్ల వేయించండి. కిలో రాతిసున్నానికి 5 లీటర్ల నీళ్ళు. నీళ్ళలోకి సున్నాన్ని కొద్దికొద్దిగా వేయాలి. ఇనప డ్రమ్ములోనే వేయండి, సున్నం ఉడికే వేడికి పల్చటి ప్లాస్టిక్ బకెట్ నిలవదు. కళ్ళద్దాలు పెట్టుకోకుండా దగ్గరికి పోవద్దు. 24 గంటలు నానాక ముతకగుడ్డలో వడగట్టి, 10 లీటర్ల సున్నపు పాలకి 40 గ్రాముల జిగురు వేడినీళ్ళలో కరిగించి కలపాలి. కొందరు పట్టు కోసం ఉప్పు కూడా వేస్తారు. ఇప్పటికే ఉప్పు పూస్తున్న గోడకి ఇంకా ఉప్పెందుకు, మానేయండి. గోడని కాస్త తడిపి, పల్చగా మూడు పూతలు వేయాలి. సున్నం మెల్లగా ఆరుతూ గాలి పీల్చుకుని గట్టిపడేది. కాబట్టి కొంచెం చెమ్మ ఉన్నా దానికి ఇబ్బంది లేదు, మండుటెండే దాని శత్రువు.

కరీంనగర్_కుంచె:
సున్నం మంచిదే, కాదనను. గోడకి ఆనుకొని కూర్చుంటే చొక్కాకి అంటేదాని సంగతో? ఏటేటా మళ్ళా వేయాలె. లప్పం ఊడేది ఎక్కువగా పనితనం వల్ల. రెండు కోట్లూ కలిపి 1.5 మిల్లీమీటర్లు దాటొద్దు. మనోళ్ళు గుంతలన్నీ దాంతోనే నింపుతరు, నాలుగైదు మిల్లీమీటర్లు ఎక్కిస్తరు. కలిపి గంటలు గంటలు అయినంక గట్టిపడుతుంటే మళ్ళా నీళ్ళు పోసి లాగిస్తరు. ఊడక ఏం చేస్తది?

పిట్టగోడ:
ఆ మాట పొడి గోడకి నిజం. అయితే ఈ ఇంటికి గోడని రెండుగా విడదీసి చూడాలి. నేల నుంచి నాలుగడుగుల దాకా, అంటే చెమ్మ గీత కన్నా ఒక అడుగు పైకి, వెల్ల మాత్రమే. ఆపైన షీటు పొడిగా వస్తే అన్న చెప్పినట్టు పల్చటి లప్పం, ఎమల్షన్. రెండింటి మధ్య జాజు పట్టీ గీయిస్తే చూడ్డానికీ బాగుంటుంది.

దసరాలోపు తప్పకుండా కావాల్సింది రంగు కాదు, మిద్దె పని. పిట్టగోడ శ్లాబుని కలిసే మూల చీలి ఉంటే చీలికని తవ్వి సిమెంటుతో గుండ్రంగా తిప్పించండి. తూముల్లో ఆకులు తీయించండి. గోడ చుట్టూ మట్టి గది నేల కన్నా ఎత్తుగా పేరుకుందేమో చూడండి. ఉంటే ముందు అది తవ్వించాలి, సగం చెమ్మ అక్కణ్ణించే వస్తుండొచ్చు. ఉప్పుని పొడి బ్రష్షుతో రాల్చి చీపురుతో ఎత్తి పారేయండి. నీళ్ళతో కడిగితే కరిగి మళ్ళీ గోడలోకే పోతుంది. లోపలి రంగు జనవరి మొదట్లో పెట్టుకోండి.

గడపమాను:
రంగుల గొడవలో తలుపులు మర్చిపోయారు. వానలకి ఉబ్బి బిగుసుకున్న తలుపుని ఇప్పుడు చిత్రిక పట్టించొద్దు. చలికాలానికి చెక్క ముడుచుకుని వేలు దూరే సందు వస్తుంది. డిసెంబరు చివర్లో కూడా పట్టేస్తుంటే అప్పుడు పట్టించండి. తలుపు పై అంచుకీ కింది అంచుకీ రంగు ఉందా లేదా చూసుకోండి. కనపడవని పెయింటర్లు వదిలేస్తారు, చెక్క తేమ తాగేది అక్కడే.

లంకవాసి:
గోడ మీద పాత ఆయిల్ డిస్టెంపర్ ఉంది. దాని మీదే వెల్ల వేయొచ్చా?

సున్నపుతొట్టి:
వేయకూడదండి, పట్టదు. ఆరగానే రేకుల్లా లేస్తుంది. ఆ నాలుగడుగులూ గీకుడు పట్టీతో గచ్చు కనపడేదాకా గీకించండి. ఉప్పుకాగితంతో పైపైన రుద్దితే చాలదు. ఈ గీకుడు మాత్రం ఇప్పుడే చేయించొచ్చు, జనవరి దాకా గోడకి ఊపిరాడుతుంది.

కరీంనగర్_కుంచె:
గీకిన గోడతో దసరా చేసుకోమంటరా!

సున్నపుతొట్టి:
ఒక పూత పల్చటి వెల్ల కొట్టించి చేసుకోమంటాను. మిగతా రెండు పూతలు సంక్రాంతికి.