నింజా 650 బైక్ ఇన్సూరెన్స్ పాలసీ పాత ఓనర్ పేరు మీదే ఉంది, క్లెయిమ్ వస్తుందా?

అన్నలూ, మాది నల్గొండ. రెండు నెలల కింద హైదరాబాద్‌లో సెకండ్ హ్యాండ్ నింజా 650 తీసుకున్నా. ఆర్సీ నా పేరు మీదికి వచ్చింది, ఇన్సూరెన్స్ మాత్రం ఇంకా పాత ఓనర్ పేరు మీదే ఉంది. 14 రోజుల్లో మార్పించుకోవాలట, నాకు తెలియలేదు.

మొన్న నార్కట్‌పల్లి దాటాక సర్వీస్ రోడ్డులో కంకర మీద జారింది. నాకు మోచెయ్యి గీసుకుంది, అంతే. బండికి కుడివైపు ఫెయిరింగ్ (బయటి ప్లాస్టిక్ కవర్) పగిలింది, బ్రేక్ లివర్ వంగింది. ఇప్పుడు పేరు మార్పిస్తే ఈ దెబ్బకు ఓన్ డ్యామేజ్ (మన బండి రిపేర్ ఖర్చు) ఇస్తారా, లేక జేబులోంచి పెట్టుకోవాల్సిందేనా? నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) నాకు రాదని తెలుసు, అది పాత ఓనర్‌దే.

వచ్చే రెన్యువల్‌కు జీరో డెప్ (పార్టుల పాతదనానికి డబ్బు కోయని యాడ్-ఆన్) తీసుకోవాలా? అది లేకపోతే ప్లాస్టిక్ పార్టులకు సగమే ఇస్తారు కదా, ఈ బండికేమో ఒళ్లంతా ప్లాస్టికే.

నాన్నకు ఇంకా చెప్పలేదు. బండి మీద కవర్ కప్పి పెట్టా. కొంచెం తొందరగా చెప్పండి.