గ్లేషియర్ వెనక్కి తగ్గడం ఒక్కసారి వెళ్తే కంటికి కనిపిస్తుందా?

హిమకిరణం అడిగిన ప్రశ్న:

గ్లేషియర్ చూడాలని చిన్నప్పటి నుంచి కోరిక. వచ్చే ఏడాది అమ్మానాన్నలను తీసుకుని వెళ్దామనుకుంటున్నాను. ఎక్కడ చదివినా అవి కరిగిపోతున్నాయనే రాస్తున్నారు. కానీ మొదటిసారి వెళ్లేవాళ్లకు అక్కడ బోలెడంత మంచే కనిపిస్తుంది కదా, తగ్గిందని ఎలా తెలుస్తుంది? ఎక్కడికి వెళ్తే అది బాగా అర్థమవుతుంది? కరిగిపోతున్నదాన్ని చూడటానికి విమానమెక్కడం సబబేనా అని కూడా మనసు పీకుతోంది. చూసొచ్చినవాళ్లు చెప్పండి.

కొండదారి సత్యవతి:

ఒక్కసారికే తెలుస్తుందండీ. అక్కడికి వెళ్లగానే అందరి కళ్లూ మంచు మీదే ఉంటాయి. మీరు ముందు మంచు ఖాళీ చేసిపోయిన నేలను చూడండి.

నేను బాగా ఎరిగింది కెనడాలోని అథబాస్కా గ్లేషియర్. జాస్పర్ నుంచి లేక్ లూయీస్ వెళ్లే ఐస్‌ఫీల్డ్స్ పార్క్‌వే మీద నుంచే కనిపిస్తుంది కాబట్టి పెద్దవాళ్లున్న కుటుంబాలకు ఇదే చెబుతాను. 1840ల్లో ఈ మంచు ఇప్పుడు రోడ్డున్న చోటిదాకా ఉండేది. అప్పటి నుంచి 1.5 కిలోమీటర్లకు పైగా వెనక్కి పోయింది. కారు ఆపి అంచు వైపు నడుస్తుంటే, ఏ ఏడాదిలో మంచు ఎక్కడిదాకా ఉండేదో చెప్పే బోర్డులు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. వాటిలో 1992 అని ఒకటుంది. మా అబ్బాయి పుట్టిన ఏడాది. అక్కడ నిలబడి తలెత్తి చూస్తే మంచు ఎక్కడో పైన ఉంది. వాడికి ఇంకా పెళ్లి కూడా కాలేదు, ఇంతలోనే ఇంత నేల బయటపడిందా అని కాళ్లు అక్కడే ఆగిపోయాయి.

ఆ దారిలో బోసి సున్నపురాయి బండలుంటాయి. వంగి చూడండి. అన్నీ ఒకే దిక్కుకు సాగిన సన్నని గీతలు, కొన్నిచోట్ల వేలు పట్టేంత గాడులు. మంచు అడుగున ఇరుక్కున్న రాళ్లు బండను గీసుకుంటూ దిగినప్పుడు పడ్డవి అవి. అలా అరిగిన రాతిపొడి వల్లే అక్కడి నీళ్లు పాలు కలిపినట్టు ఉంటాయి.

ఇంకా ముఖ్యమైనవి పక్కల ఉన్న రాళ్ల గట్లు. మొరైన్‌లంటారు. ఒకప్పుడు మంచు ఆ గట్ల ఎత్తున ఉండేది. పొడవు ఎంత తగ్గిందో బోర్డులు చెబుతాయి కానీ, మందం ఎంత పోయిందో తెలియాలంటే ఆ గట్టు పైనుంచి ఇప్పటి మంచు దాకా చూపు దించాలి. నాకు అన్నిటికన్నా బాధ కలిగించింది అదే. ఏడాదికి 5 మీటర్లు తగ్గుతోందని చదివినప్పుడు పెద్దగా ఏమీ అనిపించలేదు. కొన్నేళ్ల తేడాతో మళ్లీ వెళ్లి అదే గట్టు మీద నుంచి చూస్తే, అంతకుముందు మంచున్న చోట మడుగు ఉంది.

రైలుబండి:

సత్యవతి గారు చెప్పిన మందం సంగతి ఫ్రాన్స్‌లో షామోనీ దగ్గరి మెర్ ద గ్లాస్ అనే గ్లేషియర్‌లో ఇంకా బాగా తెలుస్తుంది. దాని పై గట్టున ఉన్న మోంటెన్‌వేర్ స్టేషన్ దాకా పళ్లచక్రాల రైలుంది. 19వ శతాబ్దం మొదట్లో అక్కడి నుంచి దాదాపు నేరుగా మంచు మీదికి వెళ్లేవారట. తర్వాత మంచు కిందికి పోయేకొద్దీ మెట్లు కలుపుతూ పోయారు, అవి 500 దాటాయి. ఏ ఏడాది మంచు ఏ ఎత్తున ఉండేదో గోడ మీద పలకలున్నాయి. 2024లో ఇంకాస్త పైకి కొత్త కేబుల్ కార్ వేశారు. కింద కనిపించేది రాళ్ల దిబ్బలా ఉంటుంది, నిరుత్సాహపడకండి. ఆ రాళ్ల కింద ఉన్నది మంచే.

ప్రవాహం:

నాదో సందేహం. గ్లేషియర్ కిందికి జారుతూ ఉంటుందని చదివాను. మరి వెనక్కి ఎలా వెళ్తుంది?

కొండదారి సత్యవతి:

మంచు ఎప్పుడూ కిందికే కదులుతుందండీ, వెనక్కి నడవదు. పైన కురిసిన మంచు ఏళ్ల తరబడి గట్టిపడి, తన బరువుకే దిగుతూ ఉంటుంది. కింద అంచు దగ్గర కరుగుతుంది. పైనుంచి వచ్చేదానికన్నా కింద కరిగేది ఎక్కువైతే అంచు ఏటా పైకి జరుగుతుంది. మరీ పలచబడితే కదలడమే మానేస్తుంది. ఐస్‌లాండ్‌లోని ఓక్ గ్లేషియర్‌కు అదే జరిగింది. అది ఇక గ్లేషియర్ కాదని 2014లో తేల్చారు, 2019లో అక్కడ స్మారక ఫలకం పెట్టారు.

భోజ్‌పత్రం:

గంగోత్రి గ్లేషియర్ అంచు ఉండే గోముఖ్ గురించి ఎవరూ చెప్పలేదేం? ఆ గ్లేషియర్ పొడవు దాదాపు 30 కిలోమీటర్లు. దాని అంచును 1935లోనే మన జీఎస్ఐ (జియోలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా) కొలిచింది, ఆ తర్వాతి దశాబ్దాల్లో సగటున ఏడాదికి 20 మీటర్ల దాకా తగ్గింది. అయితే గంగోత్రి నుంచి చీర్‌బాసా, భోజ్‌బాసా మీదుగా సుమారు 18 కిలోమీటర్లు నడవాలి, ఎత్తు 4,000 మీటర్ల దాకా వెళ్తుంది. పర్మిట్ తప్పనిసరి. మంచు పెళ్లలు విరిగిపడుతుంటాయి కాబట్టి అంచు దగ్గరికి అస్సలు వెళ్లకండి. అమ్మానాన్నల మోకాళ్ల సంగతి చూసుకుని నిర్ణయించుకోండి.

హిమకిరణం:

అందరికీ థ్యాంక్స్. నాన్నకు మోకాళ్ల నొప్పులున్నాయి కాబట్టి గోముఖ్ కష్టమే. సత్యవతి గారూ, ఏ నెలలో వెళ్తే మంచిది? విమానం సంగతి మీరేమంటారు?

కొండదారి సత్యవతి:

ఆగస్టు ఆఖరు, సెప్టెంబర్ మొదట్లో వెళ్లండి. అంతకుముందైతే చలికాలం మంచు పైన కప్పేసి, అసలు గ్లేషియర్ ఎక్కడ మొదలైందో తెలియదు.

విమానం గురించి మీకు ఆ బాధ ఉండటం సరైనదే అని నా అభిప్రాయం. పోయేలోపు అన్నీ చూసేయాలని ఒకే ట్రిప్పులో నాలుగు దేశాలు తిరిగేవాళ్లను చూస్తే నాకు కోపమొస్తుంది. ఒక్కదాన్నే ఎంచుకోండి, రెండు మూడు రోజులు అక్కడే ఉండండి. మళ్లీ ఎప్పుడైనా వెళ్లగలిగేదైతే ఇంకా మంచిది.

ఫొటో తీసేటప్పుడు పక్కన కొండ శిఖరం, ముందు కదలని పెద్ద బండ రెండూ పడేలా చూసుకోండి. ఎక్కడ నిలబడ్డారో ఫోన్లో లొకేషన్ సేవ్ చేసి, తేదీ రాసుకోండి. అమెరికాలోని గ్లేషియర్ నేషనల్ పార్క్‌లో శాస్త్రవేత్తలు 1997 నుంచి పాత ఫొటోలు తీసిన చోట్లనే మళ్లీ నిలబడి తీస్తున్నది ఈ పద్ధతిలోనే. అంచు దగ్గర తాళ్లు కట్టి ఉంటే మాత్రం దాటొద్దు, మంచు మీది పగుళ్లు పైకి కనిపించవు. నాన్నగారు చివరి బోర్డు దాకా నడవలేకపోయినా ఫర్వాలేదు, మొదటి రెండు బోర్డుల దగ్గర నుంచే ఆయనకు విషయం అర్థమవుతుంది.