లెడెన్‌హాల్ మార్కెట్ స్తంభాల్లోంచి వాన నీరు దిగుతుందా?

లండన్ లెడెన్‌హాల్ మార్కెట్ (1881) గురించి తెలిసినవాళ్లు కాస్త చెప్పండి. స్మిత్‌ఫీల్డ్ (1868), బిల్లింగ్స్‌గేట్ (1877) మార్కెట్ల వాస్తుశిల్పి హొరేస్ జోన్సే దీన్నీ రూపొందించాడు. ఆ కాలపు పోత ఇనుప స్తంభాలు చాలాచోట్ల బోలుగా ఉంటాయి. కప్పు మీది వాన నీరు వాటి లోపలినుంచే దిగుతుంది. ఆకులు, పావురాల రెట్ట అడ్డుపడితే నీరు నిలిచి, చలికి గడ్డకట్టి ఉబ్బుతుంది. పోత ఇనుము సాగదు కదా, నిలువునా చీలుతుంది. రంగు పొర మీద వెంట్రుకంత గీత, దాని వెంట తుప్పు చార కనిపిస్తాయి.

ఇక్కడి స్తంభాలూ అలాంటివేనా, నీటికి వేరే గొట్టాలున్నాయా? 1990-91లో ఆకుపచ్చ, ముదురు ఎరుపు, మీగడ రంగులతో ముస్తాబు చేసినప్పుడు చీలికలేమైనా బయటపడ్డాయా? మామూలు వెల్డింగ్ వేడికి పక్కనే మరో చీలిక పుట్టే ప్రమాదం ఉంది. అందుకే వేడి తగలకుండా లోహపు కుట్లు వేసి (చీలికకు అడ్డంగా లోహపు ముక్కలు బిగించి) బాగుచేసిన మార్కెట్ స్తంభాల వివరాలు కూడా కావాలి.