ఆంధ్రా రైస్ కార్డు ఉంది, ఉండేది హైదరాబాద్‌లో. ఇక్కడ బియ్యం ఇస్తారా?

టెక్కలి అమ్మాయి:
అందరికీ నమస్తే. కొంచెం పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి ప్లీజ్. మాది శ్రీకాకుళం జిల్లా టెక్కలి దగ్గర పల్లెటూరు, పెళ్లై నాలుగేళ్లయింది, మూడేళ్ల నుంచి కూకట్‌పల్లిలో అద్దెకుంటున్నాం. మా ఆయన బైక్ మీద ఫుడ్ డెలివరీ చేస్తారు, నేను ఇంట్లోనే మిషన్ పెట్టుకుని జాకెట్లు కుడతాను. శ్రావణం వస్తే రాత్రి పన్నెండు దాకా కుట్టినా అవ్వదు, ఆషాఢంలో మాత్రం పాత జాకెట్ కుట్లు విప్పమని వచ్చేవాళ్లు కూడా ఉండరు. రెండేళ్ల పాప ఉంది. పోయిన నెల పాతిక కిలోల బియ్యం బస్తా 1450 చెప్పాడు కొట్టాయన, పప్పూ నూనే కూడా కలిపితే అద్దె కట్టినట్టే ఉంది.

అసలు విషయానికొస్తే, మా ఆయన పేరు మా అత్తయ్యగారి రైస్ కార్డులో ఉంది (అత్తయ్య, మావయ్య, మరిది, ఈయన). నా పేరు ఇంకా మా అమ్మావాళ్ల కార్డులోనే ఉండిపోయింది. పాప పేరు ఎందులోనూ లేదు. పక్కింటావిడేమో ఇప్పుడు దేశంలో ఎక్కడైనా ఇస్తారంట వెళ్లి తెచ్చుకో అంటుంది, సందు చివర రేషన్ షాపుకెళ్తే ఆయన "మీది ఆంధ్రా కార్డమ్మా" అని తల కూడా ఎత్తలేదు. ఇస్తారా ఇవ్వరా? ఇవ్వకపోతే అక్కడ పేర్లు తీయించేసుకుని ఇక్కడ కొత్త కార్డు పెట్టుకోవచ్చా? తెలిసినవాళ్లు చెప్పండి, మీసేవ దగ్గర ఒకడు మూడు వేలిస్తే నేను చూసుకుంటా అంటున్నాడు.

కంట్రోల్ దుకాణం:
అక్కా ముందుగాల ఆ మూడు వేలు ఎవ్వనికీ ఇయ్యకు. మీసేవల రసీదు మీద ఉన్న ఫీజు తప్ప రూపాయి ఎక్కువ లేదు.

మా బాపుది రేషన్ దుకాణమే, నెలల పదిహేను రోజులు మిషన్ కాడ కూసునేది నేనే, గందుకే చెప్తున్న. ఆంధ్రా కార్డుకు ఇక్కడ బియ్యం ఇస్తరు. ఇది ఇప్పటి సంగతి గూడ కాదు, వన్ నేషన్ వన్ రేషన్ కార్డు అని 2019 ఆగస్టుల మొదలువెట్టినప్పుడు ముందుగాల కలిపిన రాష్ట్రాలల్ల మన రెండూ ఉన్నయి. కార్డు నంబర్ గానీ ఆధార్ నంబర్ గానీ చెప్పాలె, మిషన్ మీద వేలు పెట్టాలె, అంతే. మనిషికి 5 కిలోలు, పైసలు లేవు. ఇక్కడి కార్డులోళ్లకు 6 కిలోలు వస్తయి కదా, ఆ ఆరో కిలో తెలంగాణ సర్కారు తన కార్డులకు ఇచ్చేది, మీకు రాదు.

డీలర్ తల ఎందుకు ఎత్తలేదో గూడ చెప్త. దుకాణానికి స్టాకు వచ్చేది దాని కార్డుల లెక్కన. బయటి కార్డులకు ఇచ్చుకుంట పోతే నెలాఖరుకు సొంత కార్డులోళ్లు వచ్చి లొల్లి వెడ్తరు. గది మా ఇబ్బంది, నీ తప్పు కాదు. ఇయ్యను అంటే 1967కు ఫోన్ చెయ్యి, లేదంటే వేరే దుకాణానికి పో, ఇదే దుకాణమని రూల్ లేదు. నెల మొదటి వారంల పో, సాయంత్రం రద్దీ టైంల పోకు.

ఇంకో మాట. నీ పేరు మీ అమ్మోళ్ల కార్డుల ఉన్నదంటున్నవ్ కదా, మరి నీ వేలు పెట్టి నీ 5 కిలోలు నువ్వు తీసుకోవచ్చు. నీది 5, మీ ఆయనది 5. ఏ కాగితం మార్చకుంటనే పది కిలోలు.

టెక్కలి అమ్మాయి:
అన్నా థాంక్స్. కానీ నా వాటా నాలుగేళ్ల నుంచి మా అమ్మే తెచ్చుకుంటుంది. ఇప్పుడు ఫోన్ చేసి నా బియ్యం నాకు కావాలి అని ఎలా అడగను 😔

తాపీ మేస్త్రి రాజోలు:
అమ్మాయ్ ఎలాగైనా అడిగేయ్, అడక్కుండా తీసుకుంటేనే గొడవలు. మా ఇంట్లో ఏం జరిగిందో చెప్తాను. మాది కోనసీమ, నేను మియాపూర్‌లో పని చేస్తాను, కార్డులో ఐదుగురం, నేనొక్కణ్ణే ఇక్కడ. మొదటిసారి ఇక్కడ షాపుకెళ్లి వేలు పెట్టాను, డీలర్ ఏం నొక్కాడో నేను చూసుకోలేదు, సంచిలో 5 కిలోలు పోశాడు, తెచ్చుకుని వండుకు తిన్నాను. నాలుగో రోజు మా అమ్మ ఊళ్లో డిపోకెళ్తే నీ కోటా అయిపోయింది మామ్మా అన్నారంట. ఐదుగురివీ పాతిక కిలోలూ నా వేలు మీద కొట్టేశాడు. ఆవిడ ఎండలో నడిచొచ్చి ఫోన్‌లో తిట్టిన తిట్లు ఇప్పటికీ చెవిలో ఉన్నాయి. నేను మళ్లీ షాపుకెళ్తే పొరపాటున పడిందండీ అన్నాడు, పొరపాటో ఏదో ఆ దేవుడికే తెలియాలి, ఆ నెల బియ్యం మాత్రం పోయినట్టే.

అందుకని చెప్పొచ్చేదేంటంటే, కార్డు మొత్తానికి ఎవరు వేలు పెట్టినా చాలు మిషన్ తీసుకుంటుంది. ఎన్ని కిలోలు అని అతను కొట్టేటప్పుడు కళ్లతో చూడండి, 5 అని నోటితో చెప్పండి, రసీదు అడిగి తీసుకోండి. మిగతాది కార్డులో అలాగే ఉంటుంది, ఊళ్లోవాళ్లు అక్కడ తెచ్చుకుంటారు.

సచివాలయం డ్యూటీ:
ఏపీ సైడు నేను చెప్తానండి, ఈ పనే చేస్తున్నాను.

ముందొకటి తెలుసుకోండి. మన రైస్ కార్డులన్నీ ఒకే రకం కావు. కొన్ని కేంద్రం ఆహార భద్రత చట్టం కిందవి, కొన్ని రాష్ట్రం సొంతంగా ఇచ్చినవి. ఊళ్లో ఉన్నంతకాలం తేడా తెలియదు, అదే షాపు అదే బియ్యం. రాష్ట్రం దాటితే మాత్రం కేంద్రం కార్డుకే ఇస్తారు. వాటిల్లో అంత్యోదయ అని ఇంకోటి, దానికి మనుషుల లెక్క లేదు, ఇంటికి 35 కిలోలు. మీ రెండు కార్డుల్లో ఏది ఏ రకమో తెలియాలంటే మేరా రేషన్ యాప్‌లో చూడండి, లేకపోతే మీ ఊరి డీలర్‌ని అడగండి.

రెండోది, ఒక ఆధార్ ఒక్క కార్డులోనే ఉంటుంది. మీ పేరు పుట్టింటి కార్డులో ఉండగా హైదరాబాద్‌లో కొత్త కార్డుకి పెడితే అక్కడే ఆగిపోతుంది. సగం అప్లికేషన్లు ఇలాగే తిరిగొస్తాయి, జనం ఏమో రికమండేషన్ లేక ఆగిందనుకుంటారు. పెళ్లైన ఆడపిల్లలందరిదీ ఇదే కథ. మీరు చేయాల్సింది పెళ్లి కారణం చూపించి మీ పేరు అత్తగారి కార్డులోకి మార్పించుకోవడం, దాంతోపాటే పాప పేరు చేర్పించడం. 2025 మే నుంచి ఈ చేర్పులు మార్పులు మళ్లీ తీసుకుంటున్నాం. పాపకి బర్త్ సర్టిఫికెట్, ఆధార్ ఉండాలి. ఐదేళ్ల లోపు పిల్లలకి వేలిముద్ర ఈకేవైసీ అడగరు. మాకు ఇస్తే వీఆర్వో, తర్వాత తహసీల్దార్ లాగిన్‌కి వెళ్తుంది, కాగితం మీద 21 రోజులు. కాగితం మీద అని ఎందుకన్నానో మీకు తెలుసు 🙂 వేలు పెట్టడానికి మాత్రం మీరు రావాలి, ఫోన్‌లో అయ్యే పని కాదు.

అర్హతలు కూడా చూసుకోండి. పల్లెల్లో నెలకి 10 వేలు, టౌన్లో 12 వేలు దాటకూడదు, మాగాణి 3 ఎకరాల లోపు, మెట్ట 10 ఎకరాల లోపు, కరెంటు నెలకి 300 యూనిట్ల లోపు, ఇంట్లో కారు ఉండకూడదు (టాక్సీ, ఆటో, ట్రాక్టర్ అయితే పర్లేదు), ఇన్‌కమ్ టాక్స్ కట్టేవాళ్లు ఉండకూడదు. మీ ఆయనకి లోన్ కోసం అని ఎవరో ఐటీ రిటర్న్ వేయించి ఉంటే అది ఒకసారి చూసుకోండి, దాంతో ఇబ్బంది పడ్డవాళ్లు మా దగ్గరికి వస్తూనే ఉంటారు.

ఉన్నమాటంటే:
ఊరికే బియ్యం ఇచ్చి జనాన్ని సోమరులను చేస్తున్నారు. మా వీధిలో సగం మంది తీసుకున్న రోజే కిలో పదికి అమ్మేస్తారు. మా ట్యాక్సులు.

కంట్రోల్ దుకాణం:
అమ్మేటోళ్లు ఉన్నరన్నా, లేరు అనను. దొడ్డు బియ్యం ఇచ్చినన్ని రోజులు మా దుకాణం ముంగటనే ట్రాలీ ఆటో ఆపుకొని కొనేటోళ్లు. 2025 ఉగాది నుంచి సన్న బియ్యం ఇస్తున్నరు కదా, ఇప్పుడు ఆ ఆటో కనిపిస్తలేదు. తినేతట్టు ఇస్తే తింటరు. గీ అక్క రాత్రి పన్నెండు దాకా జాకెట్లు కుడ్తున్న అని రాసింది సూడు, పైకి పోయి మళ్ల సదువు.

మామ్మ గారి మనవడు:
సోమరులంటే గుర్తొచ్చింది, మా తాతమ్మ ఉన్నంతకాలం ఎన్టీఆర్ 83లో రెండ్రూపాయల బియ్యం ఇచ్చాకే మేం మూడు పూటలా అన్నం చూశాం, అంతకుముందు రాత్రికి గంజే అని చెప్పేది. ఆవిడ తొంభై దాటేదాకా పొలం పని మానలేదు, ఏం సోమరితనమో మరి.

ఇంకోటి, అప్పట్లో 2013లో అమ్మ హస్తం అని 185 రూపాయలకి తొమ్మిది సరుకులు ఇచ్చేవారు, పప్పు, పామాయిల్, చింతపండు, కారం, పసుపు దాకా. ఇప్పుడు బియ్యం ఒక్కటే ఫ్రీ, కూర ఎవడు వండుతాడు అంటే సమాధానం లేదు. పాలిటిక్స్ కాదు, ఊరికే చెప్తున్నా.

రెండో అంతస్తు రమ:
టెక్కలి అమ్మాయికి: పాపకి రెండేళ్లంటున్నావు, అంగన్‌వాడీలో పేరు రాయించావా? దానికి రేషన్ కార్డు అక్కర్లేదమ్మా. మా చెల్లెలు చింతల్‌లో ఆయా, ఏ ఊరి పిల్లైనా రాసుకుంటారు. ఏడు నెలల నుంచి మూడేళ్ల దాకా బాలామృతం ప్యాకెట్ నెలకి రెండున్నర కిలోలు ఇస్తారు, గుడ్లు కూడా. గోధుమ, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె కలిపిన పిండి అది, నాచారంలో తెలంగాణ ఫుడ్స్ వాళ్లు చేస్తారు. పచ్చిగా పెట్టకు, వేడినీళ్లలో ఉడికించి ఉండల్లేకుండా కలుపు. మా మనవరాలు లడ్డూ చేస్తే తప్ప ముట్టేది కాదు, కొంచెం నెయ్యి వేసి చుట్టేదాన్ని. మూడేళ్లు దాటితే సెంటర్లోనే అన్నం గుడ్డు పెడతారు, నీకు మధ్యాహ్నం కుట్టుకోడానికి రెండు గంటలు దొరుకుతాయి.

మీ ఆయన మధ్యాహ్నం ఎక్కడ తింటున్నారు? బయట ప్లేటు వంద. ఐదు రూపాయల భోజనం క్యాంటీన్లు ఉన్నాయి కదా, ఇందిరమ్మ క్యాంటీన్ అని పేరు మార్చారు, పాత అన్నపూర్ణవే. మోజుపడి తినే భోజనం కాదు, కానీ వేడిగా ఉంటుంది, కడుపు నిండుతుంది. ఆలస్యంగా వెళ్తే అయిపోతుందని చెప్పు.

కంట్రోల్ దుకాణం:
కొత్త కార్డు ముచ్చట గూడ చెప్తా అక్కా. 2025 జూలై నుంచి ఇక్కడ కొత్త కార్డులు ఇస్తున్నరు. టౌన్‌ల ఏడాదికి 2 లక్షల లోపు ఆదాయం ఉండాలె, పల్లెల లక్షన్నర. కార్డు వస్తే బియ్యం ఒక్కటే కాదు, 500కు గ్యాస్, 200 యూనిట్ల లోపు కరెంటు ఫ్రీ, ఆరోగ్యశ్రీ, అన్నీ దాంతోని ముడివడి ఉంటయి. కానీ ఆంధ్రల మీ ఇద్దరి పేర్లు పోతయి, అక్కడి స్కీములు పోతయి. ఇక్కడనే ఉంటరా, రెండేండ్లకు ఊరికి పోతరా, ముందుగాల అది తేల్చుకోండ్రి. అక్కడ తీసేసి ఇక్కడ రాక రెండింటికి చెడ్డోళ్లు మస్తుమంది. మీరు ఆరు నెలలు వరుసగ ఎక్కడా తీసుకోకున్నా కార్డు పక్కకు వెడ్తరు, ఆ సంగతి గూడ యాదిల ఉంచుకోండ్రి.

టెక్కలి అమ్మాయి:
అప్‌డేట్. అందరికీ చాలా థాంక్స్.

మొన్న 4వ తారీఖు పొద్దున్నే మా ఆయన యాప్ ఆఫ్ చేసి వచ్చారు, ఇద్దరం వేరే షాపుకెళ్లాం. ఆధార్ నంబర్ చెప్తే అత్తయ్యగారి కార్డు మిషన్‌లో వచ్చింది, నలుగురి పేర్లూ కనిపించాయి. ఈయన బొటనవేలు రెండుసార్లు పెట్టినా తీసుకోలేదు, చెయ్యి చీరకొంగుకి తుడిచి చూపుడువేలు పెడితే తీసుకుంది. నేను మేస్త్రి గారు చెప్పినట్టే 5 అండీ 5 అని రెండుసార్లన్నాను, డీలర్ నవ్వి స్క్రీన్ నావైపు తిప్పాడు. దిండు గలీబు పట్టుకెళ్లాను సంచి దొరక్క, అందులోనే పోయించుకొచ్చాం.

నా కార్డు మాత్రం రాలేదు. అమ్మావాళ్లది స్టేట్ కార్డంట, ఊళ్లో డీలర్‌ని అడిగిస్తే తెలిసింది. సచివాలయం గారు చెప్పకపోతే ఇక్కడ డీలర్‌తో గొడవపడేదాన్ని. అమ్మకి ఆ ముందురోజే ఫోన్ చేశా, ఎలా మొదలెట్టాలో తెలీక పాప జలుబు గురించి పదినిమిషాలు మాట్లాడాను. చెప్పాక అమ్మ, "నీ బియ్యం ఎప్పుడూ విడిగానే డబ్బాలో పోస్తున్నానే, సంక్రాంతికి వస్తే నీకిచ్చే అరిసెల పిండి ఎక్కడిదనుకున్నావు" అంది.

బాలామృతం మొదటి ప్యాకెట్ వచ్చింది రమ గారూ, ఉడికించి ఇస్తే ఉమ్మేసింది, లడ్డూ చేస్తే తింటుంది. కొత్త కార్డు ఇప్పుడే వద్దనుకున్నాం, మావయ్యకి ఒంట్లో బాలేదు, ఎప్పుడు వెనక్కి వెళ్లాల్సొస్తుందో తెలీదు. వచ్చే నెల ఊరెళ్లి నా పేరూ పాప పేరూ అత్తయ్య కార్డులోకి వేయించుకుంటాం. సచివాలయం గారూ ఒక్క డౌటు, పాప ఆధార్‌లో ఇంటిపేరు మావాళ్లది పడింది, బర్త్ సర్టిఫికెట్‌లో ఈయనది ఉంది, ముందు ఏది మార్పించాలి?

సచివాలయం డ్యూటీ:
ఆధార్ మార్పించండి, బర్త్ సర్టిఫికెట్ చూపిస్తే మారుస్తారు. వచ్చేటప్పుడు రెండూ ఒరిజినల్స్ తెచ్చుకోండి, జిరాక్సులు మా దగ్గర తీయరు, మిషన్ పాడై రెండు నెలలైంది.