అప్‌డేట్: వంజంగి ఫోటోల్లో ఆకాశం మీద బూడిదరంగు మచ్చలు, కారణం దొరికింది

వంజంగి కొండ మీద తీసిన మబ్బుల ఫోటోలన్నిటిలో ఒకే చోట బూడిదరంగు మచ్చలు వస్తున్నాయని, కారణమేంటని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. అది సెన్సర్ (కెమెరా లోపల బొమ్మ పడే పలక) మీది దుమ్మే. సాయం చేసినవాళ్లందరికీ థాంక్స్.

తేల్చింది తెల్లగోడ పరీక్ష. ఐఎస్ఓ (కాంతి సున్నితత్వం) 100, అపెర్చర్ (లెన్స్‌లో కాంతి వచ్చే రంధ్రం) ఎఫ్/16, అంటే బాగా చిన్నది పెట్టి, ఫోకస్ కావాలనే తప్పించి గోడను తీయాలి. లెన్స్ మార్చినా మచ్చలు కదల్లేదు, అంటే లెన్స్‌ది కాదు. రంధ్రం పెద్దదయ్యే ఎఫ్/4లో మాయమయ్యాయి: అపెర్చర్ చిన్నదయ్యేకొద్దీ దుమ్ము నీడ పదునుగా పడుతుంది. ల్యాండ్‌స్కేప్‌కి ఎఫ్/16 పెట్టేవాళ్లకే ఈ బాధ ఎక్కువ.

రబ్బరు బ్లోయర్‌తో, కెమెరా మౌంట్ (లెన్స్ బిగించే చోటు) నేలవైపు పెట్టి ఊదితే చాలావరకు పోయాయి. బొమ్మ సెన్సర్ మీద తలకిందులుగా పడుతుంది కాబట్టి, ఫోటోలో పైనున్న మచ్చకు దుమ్ము సెన్సర్ కిందివైపు ఉంటుంది. అంటుకుపోయిన రెండింటిని మెకానిక్ తడి స్వాబ్‌తో (సెన్సర్ తుడిచే మెత్తటి పుల్ల) తీశారు. ఏపీఎస్-సీ (చిన్నసైజు) సెన్సర్‌కి 16 మి.మీ. స్వాబ్, ఫుల్‌ఫ్రేమ్ (పెద్దసైజు) సెన్సర్‌కి 24. డబ్బాలో వచ్చే కంప్రెస్డ్ గాలి మాత్రం వద్దు, దాని ద్రవం సెన్సర్ మీద మరక వదులుతుంది.

లెన్స్ ఫంగస్ (బూజు), మంచు తేమ, యూవీ ఫిల్టర్ (లెన్స్ ముందు బిగించే గాజు): ఈ మచ్చలకు వీటితో సంబంధం లేదు.