విల్లీ నెల్సన్ పాత పాటల్లోంచి వయొలిన్లు తీసేయడం సబబేనా?

కృష్ణాతీరం: అమెరికన్ కంట్రీ (అక్కడి పల్లె బాణీ) గాయకుడు విల్లీ నెల్సన్ 1966–70 మధ్య నాష్‌విల్‌లో ఆర్‌సీఏ అనే రికార్డు కంపెనీకి పాడిన పాటలు కొన్ని 2009లో ‘నేకెడ్ విల్లీ’ పేరుతో మళ్లీ వచ్చాయి. 1973 నుంచి ఆయనతో హార్మోనికా వాయిస్తున్న మికీ రాఫెల్, పాత మల్టీట్రాక్ టేపుల్లోంచి (గొంతు, వాయిద్యాలు విడివిడిగా రికార్డయిన టేపులు) వయొలిన్లు, కోరస్ ఎత్తేసి, మిగతావి మళ్లీ కలిపి రీమిక్స్ చేశాడు. నాకైతే మింగుడుపడలేదు. అప్పటి నిర్మాత చెట్ అట్కిన్స్ 2001లోనే పోయాడు. అడ్డు చెప్పే మనిషి లేకుండా ఆయన పని మీద కత్తెర వేయడమేంటి?

డాలస్ బాబాయ్: కత్తెర ఎక్కడ వేశారండీ? పాత మిక్సులు ఎక్కడికీ పోలేదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ‘ద పార్టీస్ ఓవర్’ రెండు రకాలుగానూ వినండి. విల్లీ తాళానికి కట్టుబడి పాడే రకం కాదు. మాట్లాడుతున్నట్టు వెనకబడి, లైను చివర్లో వచ్చి అందుకుంటాడు. ఆయన పాటలో అసలు రుచే అది. వయొలిన్లు ఆ ఖాళీలన్నీ పూడ్చేశాయి. తన చేతికి పగ్గాలొచ్చాక ఏం చేశాడో తెలుసుగా? 1975లో ఇక్కడే, మా పక్కనున్న గార్లండ్‌లో, కొద్దిపాటి వాయిద్యాలతో ‘రెడ్ హెడెడ్ స్ట్రేంజర్’ ఆల్బమ్ రికార్డు చేశాడు. ఆయన రికార్డు కంపెనీ కొలంబియా వాళ్లు అది డెమో (ఇంకా పూర్తికాని నమూనా) అనుకున్నారు. జనం నెత్తిన పెట్టుకున్నారు.

వీణ_హైదరాబాద్: +1 బాబాయ్ గారూ. ఆ కోరస్ నేను భరించలేను.

పాతరేడియో: బాబాయ్ గారూ, 1975 విల్లీని తీసుకెళ్లి 1967 విల్లీలో వెతుకుతున్నారు మీరు. వయొలిన్లు తీస్తే మిగిలేది ఆయన సొంత బ్యాండు కాదు కదా! ఎక్కువ భాగం రికార్డింగుకి కుదుర్చుకున్న నాష్‌విల్ సెషన్ వాద్యకారులే, అదే స్టూడియో పద్ధతే. దాన్ని ‘అసలు విల్లీ’ అంటే నేనొప్పుకోను. పైగా అదే ఆర్‌సీఏలో, అదే పట్టు పరుపుల్లాంటి వయొలిన్ల మీద గాయకుడు జిమ్ రీవ్స్ మహారాజులా వెలిగాడు. తప్పు వయొలిన్లదా, ఆ గొంతుకి అవి పొసగకపోవడమా? 1978లో ‘స్టార్‌డస్ట్’ ఆల్బమ్‌లో నిర్మాత బుకర్ టీ జోన్స్ తీగ వాద్యాలు పెడితే విల్లీ హాయిగా పాడాడుగా. గొంతు చుట్టూ చోటు వదిలాడు జోన్స్, అంతే తేడా.

డాలస్ బాబాయ్: నేననేదీ అదేగా! చోటు లేదనే తీశారు.

పాతరేడియో: చోటు లేకపోతే శబ్దం తగ్గించొచ్చు, మొత్తం పీకేయక్కర్లేదు. ఎప్పుడూ వినని కుర్రాడికి ముందు ఏది వినిపించాలని నన్నడిగితే, పాతదే.

కృష్ణాతీరం: రెండూ పక్కపక్కనే పెట్టి ఒకే సెట్‌గా అమ్మితే నాకు పేచీ లేదు.